జీడితోటలో మాటు

మా బావ తుపాకి మొదటిసారి నా చేతికి ఇచ్చినప్పుడు నేను అడిగింది ఒకటే. దీని గొట్టం ఏ పైపుతో చేశారని. ఆయనకు ఎంత కోపం వచ్చిందంటే ఆ పూట నా పక్కన కూర్చుని అన్నం తినలేదు.

బావ అంటే మా అప్ప భర్త. మావైపు అక్కను అప్ప అంటాం. సబ్బవరం దాటి చాలా దూరం పోయాక, కొండలు మొదలయ్యే చోట వాళ్ళ ఊరు. బావకు జీడితోట ఉంది, కాస్త వరి ఉంది, ఒక పాత ట్రాక్టరు ఉంది, నోటి నిండా మాటలున్నాయి. నేను విశాఖలో ఉక్కు కర్మాగారంలో సేఫ్టీ విభాగంలో పని చేస్తాను. హెల్మెట్ పెట్టుకోనివాణ్ణి ఆపి చీవాట్లు పెట్టడం, నడుముకు తాడు కట్టుకోకుండా పైకెక్కినవాణ్ణి కిందికి దించడం, "ఏం కాలేదు కద సార్" అన్నవాడికి ఏమై ఉండేదో పూసగుచ్చినట్టు చెప్పి వాడి మధ్యాహ్నం భోజనం పాడు చేయడం నా ఉద్యోగం. నేను క్యాంటీన్లోకి వస్తే పక్క కుర్చీలు ఖాళీ అవుతాయి. నాకేం బాధ లేదు, కాళ్ళు చాపుకుని కూర్చుంటాను.

ఆ తుపాకి బావ వాళ్ళ తాతది. మందు, రవ్వలు ముందునుంచి గొట్టంలోకి కూరి పేల్చే రకం, అదీ ఒంటిచేత్తో పట్టుకునే పొట్టి తుపాకి. కర్రపిడి మూడు తరాల చెమట తాగి నల్లగా నునుపెక్కింది. అందరూ ఆ పిడిని మెచ్చుకునేవారు. నేను మాత్రం గొట్టం మధ్యలో చుట్టిన రాగి తీగను చూశాను. అందానికి చుట్టారన్నాడు బావ. అందానికైతే పిడికి చుడతారు. గొట్టానికి చుట్టారంటే అది ఎప్పుడో పగిలిందన్నమాట. అది పేలితే బావ ముఖం మీదే పేలుతుంది. ఆ మాట ఆ రోజే చెప్పాను. ఇంట్లోవాళ్ళంతా నవ్వారు.

నవ్వడం మా దగ్గర ఆనవాయితీ. బావాబామ్మర్దులు ఒకరినొకరు ఆటపట్టించుకోకపోతే ఏదో గొడవైందనుకుంటారు ఊళ్ళో. నేను బావ పొట్ట మీద, గురక మీద, ట్రాక్టరు మీద జోకులు వేసేవాణ్ణి. ఆయనకు మాత్రం ఒకటే సరుకు, నా పిరికితనం. పెళ్ళిలో, పేరంటంలో, అమ్మవారి పండగలో, నలుగురు చేరితే చాలు నన్ను మధ్యలో కూర్చోబెట్టి మొదలుపెట్టేవాడు. "మా బావ గేసుస్టవ్ ఎలిగించాలంటే ఈది సివర నుంచి అగ్గిపుల్ల ఇసురుతాడు" అనేవాడు. నేనూ నవ్వేవాణ్ణి. నిజం చెప్పాలంటే నాకది ఇష్టంగానే ఉండేది. ఆయన అంతగా ఆటపట్టించేది నన్నొక్కణ్ణే.

ఆ వేసవిలో దుప్పులు కొండ దిగి జీడితోటలోకి రావడం మొదలుపెట్టాయి. రాలిన జీడిపళ్ళు తినడానికి వస్తాయి. పిక్కను వదిలేసి పండు మాత్రం నములుతాయి కాబట్టి బావకు పెద్ద నష్టమేమీ లేదు. నష్టం కాదు ఆయన బాధ. టీకొట్టు దగ్గర ఎవరో బావ వాళ్ళ తాత సంగతి ఎత్తారట. ఆయన దుప్పి ఊపిరి తగిలేంత దగ్గర కూర్చుని ఒంటిచేత్తో కొట్టేవాడని, ఇప్పుడలాంటి మొగాళ్ళు లేరని అన్నారట. తానూ అదే తుపాకితో అలాగే కొడతానని బావ అక్కడే మాట ఇచ్చేసి ఇంటికొచ్చాడు. ఆ తుపాకితో దూరం నుంచి కొడితే రవ్వలు చెల్లాచెదురైపోతాయి, దగ్గరకు వచ్చేదాకా ఆగాల్సిందే.

దుప్పిని చంపితే జైలు. లైసెన్సు లేని తుపాకి దొరికితే మరో జైలు. పక్కన కూర్చున్న నా ఉద్యోగం కూడా పోతుంది. నన్నూ రమ్మని బావ పిలిస్తే ఇదంతా ఫోన్లో చెప్పాను. "నువ్వు రావద్దులే బావా, నీ గుండెకి మంచిది కాదు" అన్నాడు. నేను సరేనని పెట్టేశాను. ఆ సాయంత్రమే అప్ప ఫోన్ చేసింది.

"తమ్ముడా, నాను సెప్తే ఇంటాడేటి? నవ్వుతాడు. ఆ తుపాకి ఏదో ఒకనాడు ఆ మొకం మీదే పేల్తాది. నాకు రేత్రుళ్ళు అదే కనపడతంది. నువ్వు ఎంటెల్లు."

"నేను వెళ్ళి ఏం చేస్తానప్పా? నా మాట అసలే వినడు."

"ఇనక్కర్లేదు. నీకు బయమేత్తందని సెప్పు. సెప్తానే ఉండు. నీతో ఏగలేక అయినా తిరిగొచ్చేత్తాడు."

నా పిరికితనానికి ఒక ఉపయోగం కనిపెట్టిన మొదటి మనిషి మా అప్ప. బావకు ఎన్నిసార్లయినా రానని చెప్పగలను. అప్పకు చెప్పలేకపోయాను.

శనివారం డ్యూటీ దిగి అటే వెళ్ళాను. ఆదివారం తెల్లవారుజామున, ఇంకా వెలుగు రాకముందే, ఇద్దరం తోటలోకి నడిచాం. నేను బండి హెల్మెట్ పెట్టుకుని బయలుదేరాను. గేటు దగ్గర బావ టార్చిలైటు నా ముఖం మీద వేసి, నవ్వు ఆపుకోలేక కంచె పట్టుకున్నాడు.

"బావా, దుప్పి బండేసుకుని వత్తాదనుకున్నావేటి?"

"నాకు భయంగా ఉంది బావా. వెనక్కి పోదాం."

"ఇంకా తోటలోకే ఎల్లలేదు. అప్పుడేనా?"

తోట మధ్యలో ఎర్రరాతి గట్టు ఉంది. దాని వెనక మోకాలి లోతు గుంట తవ్వి, ఎండుకొమ్మలు అడ్డం పెట్టి ఉంచాడు. అదే మాటు. కుళ్ళిన జీడిపళ్ళ పులిసిన వాసన గుంటలోకి కొడుతోంది. బావ గుంటలో కూర్చుని మందు గొట్టంలో పోశాడు. కొలత లేదు, గుప్పిట వంచాడంతే. ఎంత పోశావని అడిగాను. సరిపోయినంత అన్నాడు. గుడ్డపీలిక కూరాడు, రవ్వలు వేశాడు, మళ్ళీ గుడ్డ కూరాడు. నేను చూస్తూ కూర్చున్నాను. నాలుక ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

కరిగిన ఇనుము కాలవలో పారుతుంటే దాని పక్కన నిలబడ్డవాణ్ణి నేను. అక్కడ నాకు భయం వేయదు. అక్కడ ఏది ఎటు పోతుందో, ఎవరు ఎక్కడ నిలబడాలో ముందే గీత గీసి ఉంటుంది. ఈ గుంటలో గీత లేదు. బావ చేయి కదిలినప్పుడల్లా ఆ గొట్టం చిల్లు నా మోకాలి మీదుగా, నా పొట్ట మీదుగా తిరిగింది. వేలితో దాన్ని అవతలికి నెట్టాను.

"అటు తిప్పు బావా."

"పేలదులే. సుత్తి ఎత్తలేదు గదా."

"భయంగా ఉంది బావా. పోదాం. ఒట్టు, కాళ్ళు వణుకుతున్నాయి, చూడు."

"గమ్మునుండు. నీ కాళ్ళ సప్పుడికే అవి రావు."

అప్ప చెప్పినట్టు చెబుతూనే ఉన్నాను, గుసగుసగా. వెలుతురు నెమ్మదిగా వచ్చింది. ముందు ఆకులు కనిపించాయి, తర్వాత ఎర్రటి పళ్ళు. మంచు పడి నా హెల్మెట్ మీంచి నీళ్ళు కారాయి. బావ తుపాకి వెనకవైపు చిన్న రాగి టోపీలాంటి కేపు పెట్టాడు. సుత్తి దాని మీద పడితే కేపు పేలి, లోపలి మందు అంటుకోవాలి. ఇక కొమ్మల సందుకు కన్ను ఆనించాడు. ఇంకాసేపు ఏమీ రాకపోతే ఎండెక్కుతుంది, ఇంటికి పోతాం, అప్ప దోసెలు పోస్తుంది అనుకున్నాను. ఆ దోసెల మీదే మనసు పెట్టుకుని కూర్చున్నాను.

అది ఎటునుంచి వచ్చిందో నేను చూడలేదు. చెట్ల మధ్య ఏమీ లేదు, మరుక్షణం ఉంది. దుప్పిని అంతకుముందు జూలో కంచె అవతల చూశాను. అక్కడ చిన్నగా, సాధువుగా కనిపించేది. గుంటలో కూర్చుని కిందినుంచి చూస్తే అది చాలా పెద్ద జంతువు. కొమ్ముల మీద ఇంకా మెత్తటి తోలు ఉంది. పండు నోట కరిచి నమిలితే రసం గడ్డం మీంచి కారింది. పిక్క ఊడిపడ్డ చప్పుడు కూడా వినపడింది. ఒక్కొక్క పండు తింటూ గట్టు వైపే వచ్చింది. లేచి చేయి చాపితే దాని ముక్కుకు అందేలా ఉంది. దాని ఒంటి వాసన, తడి గడ్డి వాసన, నా భయం వాసన అన్నీ ఒకటే అయ్యాయి.

అరిస్తే అది పారిపోతుందని తెలుసు. ఎన్నోసార్లు అనుకున్నాను తర్వాత, ఎందుకు అరవలేదని. గొంతు రాలేదు, అంతే. బావ చేయి కొమ్మల సందులోంచి మెల్లగా పైకి లేచింది. నేను దుప్పిని చూడలేదు. రాగి తీగనే చూశాను. అది విడిపోతుంది, బావ కళ్ళు, బావ పళ్ళు, బావ పెద్ద నోరు ఏవీ మిగలవు, అప్పకు నేనే వెళ్ళి చెప్పాలి. బావ బొటనవేలు సుత్తిని వెనక్కి లాగింది, చూపుడువేలు ట్రిగ్గర్ నొక్కింది.

టప్‌మంది. కేపు ఒక్కటే పేలింది. వెనక నుంచి సన్నటి పొగ పోగు లేచింది. అంతే. లోపలి మందు అంటుకోలేదు.

దుప్పి తల ఎత్తింది. నోట్లోని పండు జారిపడింది. మమ్మల్ని ఇద్దరినీ చూసింది, చెవులు మా వైపు తిప్పి మరీ చూసింది. తర్వాత ఒక్క గెంతులో చెట్ల అవతల ఉంది. నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. తీగ విడిపోలేదు. బావ ముఖం బావకే ఉంది. కళ్ళు మూసుకుని గట్టుకు చేరగిలబడ్డాను.

కళ్ళు తెరిచేసరికి బావ తుపాకిని తన వైపు తిప్పుకుంటున్నాడు.

వాళ్ళింట్లో ఒక పద్ధతి ఉంది. తుపాకి పలక్కపోతే గొట్టానికి నోరు పెట్టి గట్టిగా ఊదుతారు. వెనక చిల్లులోంచి గాలి బయటికి వస్తే దారి బాగుందని, రాకపోతే మసి అడ్డం పడిందని లెక్క. వాళ్ళ తాత అలాగే ఊదేవాడు. వాళ్ళ నాన్న అలాగే ఊదేవాడు. ఇద్దరూ పెద్ద వయసులో మంచం మీదే పోయారు, అందుకని అదే సరైన పద్ధతి. ఇదంతా బావ ఒకసారి భోజనాల దగ్గర చెబితే ఎవరూ పట్టించుకోలేదు. ఆ రోజు నేనూ విన్నానో లేదో గుర్తులేదు. గుంటలో మాత్రం ఆయన పెదవులు గొట్టం వైపు వెళుతుంటే ఒక్కసారిగా గుర్తొచ్చింది.

పేలని మందు దగ్గరికి వెంటనే పోకూడదు. లోపల నిప్పురవ్వ ఉండిపోయి ఆలస్యంగా అంటుకోవచ్చు. మా కర్మాగారం రాతిగనుల్లో పనికి చేరినవాళ్ళకు మొదటి వారంలోనే ఇది చెబుతాం. అందరికీ చెప్పాను, బావకు చెప్పలేదు.

"వద్దు బావా. ఆగు. ఊదకు."

ఆయన నావైపు చూసి పళ్ళన్నీ బయటపెట్టి నవ్వాడు. దుప్పి తప్పిపోయిన సిగ్గు, నేను చూశానన్న సిగ్గు, రెండూ ఆ నవ్వులో దాచేశాడు.

"అయిపోనాది గదా బావా. అది ఎల్లిపోనాది. ఇంకేటి బయం నీకు?"

తెల్లవారుజాము నుంచి భయం భయం అంటూనే ఉన్నాను. అంతకుముందు ఇన్నేళ్ళూ ఆ భయాన్ని మేం నవ్వుకోవడానికే వాడాం. ఇప్పుడు నిజంగా కావలసి వచ్చేసరికి అది మరో పాత జోకులా వినపడింది ఆయనకు. ఆయన బుగ్గల నిండా గాలి తీసుకున్నాడు. పెదవులు గొట్టం మూతికి ఆనాయి.

నేను ఆలోచించలేదు. తల వంచి మీద పడ్డాను. నా హెల్మెట్ ఆయన మణికట్టుకు తగిలి గొట్టం పక్కకు పోయింది.

అప్పుడు పేలింది.

ఆ శబ్దం నాకు వినపడలేదు, తగిలింది. తర్వాత ఏమీ వినపడలేదు. తెల్లటి చిక్కటి పొగ గుంట నిండా ఉంది. పైనుంచి ఆకులు, కొమ్మముక్కలు, జీడిపళ్ళు మా మీద పడ్డాయి. ఆ పొగలో చేతులు పెట్టి బావ ముఖం కోసం వెతికాను. నా బతుకులో అంత భయం ఎప్పుడూ లేదు. వేళ్ళకు ఏం తగులుతుందో అన్న భయం అది. తడి తగిలింది. నా ప్రాణం పోయింది. అది నలిగిన జీడిపండు.

తర్వాత ముక్కు దొరికింది. ముక్కు పైన కన్ను, పక్కన ఇంకో కన్ను. రెండూ తెరిచే ఉన్నాయి. కుడివైపు మీసం లేదు. ఆ బుగ్గంతా నల్లటి చుక్కలు. చెవి దగ్గర సన్నగా నెత్తురు. నోట్లో వేలు పెట్టి పళ్ళు కూడా తడిమాను. ఆయన చిన్నపిల్లాడిలా నోరు తెరిచి ఉంచాడు. అన్నీ ఉన్నాయని తెలిశాక నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే ఆయన్ని కొట్టాను. భుజం మీద, వీపు మీద, చేయి నొప్పెట్టేదాకా. నోటికి వచ్చిన బూతులన్నీ తిట్టాను, అవి నాకే వినపడలేదు. బావ ఒక్క దెబ్బకూ అడ్డం రాలేదు. ఒక చేత్తో తన పెదవులు పట్టుకుని చూసుకుంటూ కూర్చున్నాడు.

తుపాకి గట్టు కింద పడి ఉంది. రాగి తీగ విడిపోయి, గొట్టం పొడవునా చీలింది. అంటే మొదటిసారే మందు అంటుకుని ఉన్నా ఇదే జరిగేది. అంతకంటే ఎక్కువ ఆలోచించదలచుకోలేదు నేను. దారిలో పాత రాతిక్వారీ గుంట నిండా నీళ్ళున్నాయి. అందులో పడేశాను. తాతది అని బావ అంటాడనుకున్నాను. ఆయన నీళ్ళవైపు కూడా చూడలేదు.

అప్ప వాకిట్లో నిలబడి ఉంది. శబ్దం ఊరంతా వినపడిందట. బావ సగం మీసం చూసింది, నా హెల్మెట్ చూసింది. అడక్కుండా లోపలికి పోయి నీళ్ళు తెచ్చి ఆయన బుగ్గ కడిగింది. ఆ పూటే ఆస్పత్రికి తీసుకెళ్ళాం, స్టవ్ అంటుకుందని బావే చెప్పాడు. తిరిగొచ్చాక మిగిలిన సగం మీసం అప్పే గీసింది. గీస్తూ ఒకసారి నావైపు తిరిగి, "నువ్వెల్లకపోతే" అంది. మిగతాది ఆ రోజూ అనలేదు, తర్వాతా అనలేదు.

మచ్చలు చాలావరకు పోయాయి. మీసం మొలిచింది. బావే మునుపటిలా లేడు. అప్ప ఫోన్లో చెప్పేది. కుక్కర్ కూస్తే పెరట్లోకి పోతున్నాడట. ట్రాక్టరు వేరేవాడు నడుపుతున్నాడట. టీకొట్టుకు పోవడం మానేశాడట. నాతో మాత్రం మర్యాదగా మాట్లాడేవాడు. "బాగున్నారా? డూటీ ఎలగుంది?" అనేవాడు. మీరు అన్నాడు నన్ను. ఆయన నోట నాకు మీరు ఏమిటి? నేను ఆయన పొట్ట మీద ఒక జోకు వేశాను. "అవును, తగ్గించాల" అన్నాడు బుద్ధిగా. ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఏ పనీ చేయలేకపోయాను. ప్రాణం నిలబెట్టానని కొన్నాళ్ళు లోలోపల గర్వపడ్డ మాట నిజమే. ఆ గుంటలోంచి నేను తెచ్చింది పూర్తి మనిషిని కాదని అప్పుడు తెలిసింది. అది తెలిశాక నాకు మళ్ళీ భయం మొదలైంది, ఈసారి దేని వైపు చూసి భయపడాలో కూడా తెలియని భయం.

మొన్న సబ్బవరంలో చుట్టాల పెళ్ళి. సాయంత్రం పెళ్ళికొడుకు ఊరేగింపు బయలుదేరింది. బావకు రావడం ఇష్టం లేదు, అప్ప బలవంతం మీద వచ్చాడు. ఇద్దరం ఒక షాపు అరుగు పక్కన నిలబడ్డాం. చుట్టూ మావాళ్ళే, టీకొట్టు బ్యాచీ కూడా ఉంది. ఎవరో రోడ్డు మీద పొడుగాటి టపాకాయల దండ పరిచి ముట్టించారు.

మొదటి టపాకాయ పేలగానే బావ నా చేయి పట్టుకున్నాడు. పట్టుకోవడం కాదు, గోళ్ళు దిగాయి. ఆయన రెండో చేయి నోటికి అడ్డం వెళ్ళిపోయింది. కళ్ళు గట్టిగా మూసుకుని, తల నా భుజం వెనక దాచుకున్నాడు. ముందు వరసలో టీకొట్టు మనిషి ఒకాయన వెనక్కి తిరిగి మా చేతులు చూశాడు. నవ్వడానికి నోరు తెరిచాడు.

"ఏటది, ఎవులికేటయినాది?" అన్నాడు గట్టిగా.

"నాకే" అన్నాను. "నాకు టపాకాయలంటే బయం. బావని పట్టుకోమన్నాను. ఒదిలితే లగెత్తేస్తాను."

అందరూ విరగబడి నవ్వారు. ఉక్కు ఫ్యాక్టరీ ఆఫీసరు గారికి సీమటపాకాయలంటే భయమట అన్నారు. ఒకాయన నా హెల్మెట్ ఏదని అడిగాడు. నేనూ నవ్వాను. బావ నవ్వలేదు. ఆయన ఊపిరి నా మెడకు తగులుతోంది, వేడిగా, కుదురులేకుండా.

పొగలోంచి చూశాను. దండ ఇంకా సగం మిగిలే ఉంది.

"ఇంకా ఉన్నాయేటి బావా?" అన్నాడు నా వీపు వెనక నుంచి, నాకు మాత్రమే వినపడేలా.

"ఇంకా ఉన్నాయి బావా. నాకూ బయంగానే ఉంది. గట్టిగా పట్టుకో."